అద్దం సందుకి గుగ్గిలం

ఆ శనివారానికి తోమాసు వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదిన్నరకి కారు ముందు అద్దం సందు పూడ్చాలి. పదకొండింటికల్లా అది ఆరాలి. రెండున్నరకి బ్లాక్‌టౌన్ స్టేషన్‌కు వెళ్ళి న్యూకాసిల్ నుంచి వచ్చే పాస్టరుగారిని ఎక్కించుకోవాలి. నాలుగింటికి సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లోని తన ఇంట్లో, తన భార్య లలితకుమారి పోయి ఏడాదైన సందర్భంగా జ్ఞాపకార్థ కూడిక జరగాలి.

చిక్కంతా కారుతోనే. వాన పడితే ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ లోంచి నీళ్ళు దిగుతాయి. డ్రైవరు వైపు దిగవు. పక్క సీటు మీదే దిగుతాయి. ఫిబ్రవరిలో ఆ సీట్లో కూర్చున్న పాస్టరుగారి మోకాళ్ళు తడిశాయి, బైబిలు తడిసింది. ఆయన ఏమీ అనలేదు. బావమరిది బెన్‌హర్ అన్నాడు. "ఇంకోసారి ఆయనకి ఈ బాధ వద్దు. నా కారు కొత్తది, నేను తీసుకొస్తాను" అని చర్చి సంఘం మొత్తం వినేలా అన్నాడు.

పాస్టరుగారిని ఎవరు తీసుకొస్తే ఆయన వాళ్ళింటికే వస్తాడు. ఆయన ఎక్కడ కూర్చుంటే కూడిక అక్కడ. అది బెన్‌హర్ ఇంట్లో జరిగితే తోమాసు మూడో వరసలో కుర్చీ వేసుకుని, భార్య గురించి ఇంకొకళ్ళు చెప్తుంటే వినాలి. ఒకసారి విన్నాడు, చాలు. సమాధి దగ్గర బెన్‌హర్ లేచి, "మా అక్క చాలా ఓర్చుకుంది" అన్నాడు. ఆ రోజు నుంచి తోమాసు అతనితో మాట్లాడలేదు. క్షమించే ఉద్దేశం కూడా పెట్టుకోలేదు.

కూడికకు వస్తామని గట్టిగా చెప్పినవాళ్ళు తొమ్మిది మంది. మిగతావాళ్ళు "చూస్తాం" అన్నారు. అదే రోజు ఐదింటికి సెవెన్ హిల్స్‌లో ఎవరి బిడ్డకో మొదటి పుట్టినరోజు. కేకు, బిర్యానీ, గాలి బుడగలు ఉన్నచోటికి పోకుండా తన హాల్లో కూర్చుని ఎవరు ఏడుస్తారు? అయినా తొమ్మిది మంది చాలు అనుకున్నాడు. లలితకుమారికి నర్సు ఉద్యోగం దొరికితే ఆమె వెనక వచ్చిన దేశం ఇది. ఆమె లేకపోయాక తనను చూడడానికి తొమ్మిది మంది రావడం ఎక్కువే.

అద్దాల షాపువాడు ఫోనులో, అద్దం ఊడదీసి కొత్త రబ్బరు వేయాలనీ, బుధవారం దాకా ఖాళీ లేదనీ చెప్పాడు. హార్డ్‌వేర్ కొట్లో కొన్న గొట్టం జిగురు అంతకు ముందే ఒకసారి పూశాడు. అది రెండు వానలకు తోలులా ఊడి వచ్చింది. అప్పుడు తోమాసుకు తండ్రి పని గుర్తొచ్చింది. నరసాపురం రేవులో ఆయన పడవలు బాగుచేసేవాడు. పలకల సందుల్లో పేనిన దూది దూర్చి, నూనెలో కాచిన గుగ్గిలం పైన పోసేవాడు. గోదావరి మొత్తం మీదికి వచ్చినా ఆ సందులోంచి చుక్క దిగేది కాదు.

గుగ్గిలం సిడ్నీలో ఎవరి దగ్గరుంటుంది? రెండు వీధుల అవతల ఉన్న కళావతి దగ్గరుంటుంది. డాక్టరు ద్వారకానాథ్ భార్య. వరంగల్ వాళ్ళు. ప్రతి శుక్రవారం పూజ గదిలో పొగ వేస్తుంది. లలితకుమారిని అక్కా అని పిలిచేది. తోమాసు ఏడున్నరకి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ దగ్గర గుగ్గిలం ఉందా? కారుకి కావాలి."

 అవతల గొంతు మెత్తబడింది. "కారుకా అన్నా? మంచి పని. లలితక్క పోయినంక నువ్వొక్కనివే నడుపుతున్నవ్. నేను గూడ అడుగుదామనుకున్న గానీ, మీ దాంట్ల ఒప్పుకుంటరో లేదో అని ఊకున్న. ఎన్ని గంటలకు?"

"ఎనిమిదిన్నర."

"డాక్టర్‌సాబ్‌ను గూడ తీస్కొస్త."

డాక్టరు ఎందుకో తోమాసుకు అర్థం కాలేదు. అడగలేదు. ఏదైనా అడగడమూ, అడిగినవాళ్ళకు విడమరిచి చెప్పడమూ ఆయనకు చిన్నప్పటి నుంచీ చేతకావు. కారుకి అని చెప్పాడు. ఇంకేం చెప్పాలి?

ఎనిమిదిన్నరకి కళావతి పట్టుచీరలో దిగింది. చేతిలో ఇత్తడి పళ్ళెం. అందులో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ, కర్పూరం. గుగ్గిలం పొట్లం ఆ నిమ్మకాయల మధ్యలో ఉంది. వెనక డాక్టరు ద్వారకానాథ్ నైట్ డ్యూటీ కళ్ళతో, చేతిలో నిప్పుల కుంపటితో నిలబడ్డాడు.

"జల్ది కానియ్యి కళా. నేను పండుకోవాలె."

తోమాసు అప్పటికి వాకిట్లో గ్యాస్ పొయ్యి పెట్టి, డబ్బాలో కొబ్బరినూనె వేడి చేస్తున్నాడు. "గుగ్గిలం ఇలా ఇవ్వండమ్మా" అని చెయ్యి చాపాడు.

"ఇస్త అన్నా, ఒక్క మూడు నిమిషాలు ఆగు. బొట్టు పెట్టకుండ ఇయ్యొద్దు."

ఇది పూజ అని తోమాసుకు అప్పుడు తెలిసింది. వద్దు అనాలి. కానీ నూనె కాగుతోంది, గుగ్గిలం ఆమె చేతిలో ఉంది, సిడ్నీలో ఇంకో పొట్లం లేదు. మూడు నిమిషాలే కదా అని ఊరుకున్నాడు. కళావతి బానెట్ మీద పసుపు రాసి, అరచేతి మందాన కుంకుమ బొట్టు పెట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. డాక్టరు కొబ్బరికాయ కొట్టాడు. ఒక దెబ్బకు పగల్లేదు, మూడు దెబ్బలు పడ్డాయి. కుంపటిలో గుగ్గిలం పడగానే వాకిలంతా తెల్లటి పొగ లేచింది.

పదహారేళ్ళ కూతురు సెరీనా టోస్టు నములుతూ గుమ్మంలోకి వచ్చింది. "డాడ్, వాట్ ఈజ్ హ్యాపెనింగ్?"

"రిపేరు" అన్నాడు తోమాసు.

పొగ విచ్చుకునేసరికి గేటు దగ్గర సువర్ణకుమారి నిలబడి ఉంది. స్త్రీల సమాజం కార్యదర్శి. సాయంత్రం పలావు వండడానికి పెద్ద గిన్నె ఇద్దామని వచ్చింది. గిన్నెను రెండు చేతుల్తో పొట్టకు ఆనించి పట్టుకుని, బానెట్ మీది బొట్టు చూసింది, నిమ్మకాయలు చూసింది, పట్టుచీర చూసింది, కొబ్బరి చిప్పలు చూసింది.

"తోమాసు గారూ, ఏంటండీ ఇది?"

"కారుకి చేస్తున్నాం."

"అది కనపడతానే ఉంది."

"గిన్నె ఆ మెట్టు మీద పెట్టండి."

ఆమె పెట్టలేదు. గిన్నెతో సహా వెనక్కి వెళ్ళిపోయింది. కారు తలుపు వేసిన చప్పుడు వీధి చివర దాకా వినబడింది.

కళావతి దంపతులు పొట్లం ఇచ్చి వెళ్ళాక తోమాసు అసలు పని మొదలుపెట్టాడు. దూది పేని, కత్తి మొనతో రబ్బరు సందులోకి కూరాడు. కాగిన గుగ్గిలం బ్రష్షుతో మూడు పూతలు వేశాడు. చేతులు తండ్రి చేతుల్లా కదిలాయి. ఏడాదిగా ఏ పనీ ఇంత బాగా కుదరలేదు. డబ్బాలో ఇంకా సగం మిగిలింది. మిగిలిన గుగ్గిలాన్ని పారబోసేవాడు నరసాపురం రేవులో లేడు. తోమాసు నేల మీద పడుకుని కారు కింద చూశాడు. అడుగు రేకులో ఏడు కన్నాలున్నాయి. అద్దం కింద గాలి లోపలికి పోయే జాలీకి అటొకటి, ఇటొకటి చిన్న గొట్టాలున్నాయి. అడుగున కన్నాలతో ఇన్నాళ్ళూ ఈ బండిని తిప్పామా అని ఆశ్చర్యపోయాడు. తొమ్మిదీ పూడ్చాడు.

పదకొండున్నరకి తోట గొట్టం తెచ్చి అద్దం మీద నీళ్ళు వదిలి, లోపల పక్క సీట్లో కూర్చుని చూశాడు. ఐదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. అద్దం మీద ధారలు కడుతున్నాయి. లోపల ఒక్క చుక్క లేదు. పట్టీ వెంబడి వేలు రాశాడు. పొడిగా ఉంది. తోమాసు నవ్వాడు. చూసినవాళ్ళెవరూ లేరు.

ఇంట్లో ఫోన్ మోగింది. నీళ్ళు కట్టకుండా గొట్టం బానెట్ మీద అలాగే వదిలి లోపలికి వెళ్ళాడు.

"బావగారూ, నేను బెన్‌హర్ని."

తోమాసు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"సువర్ణ ఆంటీ ఫోన్ చేశారు. నిజమేనా?"

"ఏది?"

"నిమ్మకాయలు."

"నిజమే."

"కొబ్బరికాయ కూడానా?"

"కొట్టారు."

"ఎవరికండీ?"

"కారుకి."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఒక్క వాక్యం చెబితే అయిపోయేది. అద్దం సందుకి గుగ్గిలం కావలసి వచ్చింది అంటే చాలు. కానీ ఆ వాక్యం బెన్‌హర్‌కు చెప్పాలి. బెన్‌హర్‌కు సంజాయిషీ ఇవ్వడం కన్నా హిందువుగా మిగిలిపోవడం నయమనిపించింది.

"బావగారూ, మీరేం మాట్లాడొద్దు. కళ్ళు మూసుకోండి. ప్రేమగల మా తండ్రీ..."

బెన్‌హర్ ప్రార్థన ఎత్తుకున్నాడు. ప్రార్థన మధ్యలో ఫోన్ పెట్టేసేంత దిగజారినవాడు కాదు తోమాసు. నిలబడి విన్నాడు. ఆదాము దగ్గర మొదలై, బంగారు దూడ విగ్రహం మీదుగా, అరణ్యంలో ఇశ్రాయేలీయుల నలభై ఏళ్ళ తిరుగుడంతా సాగింది. ప్రార్థన ఇంకా ఆ అరణ్యంలోనే ఉండగా సెరీనా పరుగెత్తుకొచ్చి ఏదో సైగ చేసింది. తోమాసు కళ్ళు తెరవలేదు. ఆమేన్ అనేసరికి ఒంటిగంట దాటింది.

"డాడ్, ద కార్!"

కారు అద్దం లోంచి చుక్క దిగలేదు. దిగినవన్నీ జాలీ లోంచి దిగాయి. బయటికి పోయే గొట్టాలు పూడిపోయాయి కాబట్టి లోపలికి వచ్చాయి. అడుగు కన్నాలు పూడిపోయాయి కాబట్టి లోపలే ఉండిపోయాయి. కారు జానెడు లోతు నిండింది. సెరీనా నెట్‌బాల్ బూటు ఒకటి వెనక సీటు కింది నుంచి తేలుతూ వచ్చి గేరు కర్రకు తగిలి ఆగింది.

గుగ్గిలం రాయిలా బిగిసింది. ఉలి పెట్టి కొట్టినా పెచ్చు లేవలేదు. తండ్రి పని అంత గట్టిది. తోమాసు టీ మగ్గుతో తోడడం మొదలుపెట్టాడు. సెరీనా గిన్నెతో తోడింది. "వై డిడ్ యూ ప్లగ్ ద హోల్స్, డాడ్?" అని మూడుసార్లు అడిగింది. "కన్నాలు కనక" అని ఒకసారి చెప్పాడు. రెండింటికి ఇంకా చీలమండ లోతు ఉంది. తోమాసు మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా నీళ్ళన్నీ ముందుకు వచ్చి పెడళ్ళ మీద పడుతున్నాయి. గేరు మారిస్తే వెనక్కి పోతున్నాయి.

స్టేషన్ చేరేసరికి వాన మొదలైంది. బెన్‌హర్ ముందే వచ్చి, పొడిగా మెరిసే కొత్త కారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. తోమాసు కారు బానెట్ మీది పసుపూ కుంకుమా గంటన్నర నీళ్ళకు కలిసి, బంపరు మీదుగా ఎర్రగా కారి గడ్డకట్టాయి. ఏదో బలి ఇచ్చి ఆ చేతుల్తోనే వచ్చినట్టుంది.

పాస్టరు వాసుదేవరావు గారు సంచీ పట్టుకుని మెట్లు దిగారు. డెబ్భై ఏళ్ళ మనిషి. బాప్తిస్మం తీసుకున్నాక కూడా పేరు మార్చుకోలేదు. ఎవరైనా అడిగితే, దేవుడికి పాత పేరుతోనే తెలుసు అనేవారు.

"అయ్యగారూ, వందనాలు. అది ఎక్కకండి. దానికి పూజ చేయించారు" అన్నాడు బెన్‌హర్.

పాస్టరుగారు ఎర్రటి బంపరు చూశారు. తోమాసు రబ్బరు బూట్లు చూశారు. "నన్ను రమ్మని ఉత్తరం రాసింది తోమాసు గారు కదయ్యా" అని, ఆయనే తలుపు తీసుకుని ఎక్కి, రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టారు.

ఆయన అరవలేదు. నెమ్మదిగా కాళ్ళు పైకి తీసి, సీటు మీద మఠం వేసుకున్నారు. కారు కదిలింది.

"అద్దం బాగుచేయించావే?"

"నేనే చేశానండి."

"చుక్క కారట్లేదు."

"కారదండి."

"మరి ఈ నీళ్ళు?"

"అవి వేరే నీళ్ళండి."

పాస్టరుగారు అద్దం పట్టీ లోపలి వైపు ఇంకా జిగటగా ఉన్న నల్లటి పూతను వేలితో తడిమారు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. 

తోమాసు వీధిలో కారు ఆపడానికి చోటు లేదు. రెండు వైపులా కార్లే. వాకిట్లో చెప్పులు కుప్పలు పడ్డాయి. హాల్లో, వంటింట్లో, మెట్ల మీద మనుషులు. బ్లాక్‌టౌన్ వాళ్ళు, పెన్రిత్ వాళ్ళు, ఈస్టరుకు కూడా కనపడనివాళ్ళు. తొమ్మిది మంది వస్తారనుకున్న ఇంటికి అరవై మంది వచ్చారు. టీవీ మీద లలితకుమారి ఫోటో పెట్టి ఉంది. దాని వైపు ఎవరూ చూడడం లేదు. అందరూ తలుపు వైపు, తోమాసు వైపు చూస్తున్నారు. పాస్టరుగారు దిగుతుంటే కారులోంచి నీళ్ళు దబ్బున దూకి వాకిట్లో ముందు నిలబడినవాళ్ళ పాదాలు తడిపాయి. "శుద్ధి నీళ్ళు కూడా పోయించాడు" అని ఎవరో గొణిగారు.

సువర్ణకుమారి ముందుకొచ్చింది. మనసులో ఉన్నది దాచుకునే అలవాటు ఆమెకు లేదు.

"తోమాసు గారూ, అందరం మీ కోసమే వచ్చాం. సూటిగా అడుగుతున్నాను. మీరు విశ్వాసం నుంచి తప్పిపోయారా, లేదా? తప్పిపోయానంటే కూర్చుంటాం, ఎంతసేపైనా సరే ప్రార్థన చేస్తాం. అదేం లేదంటే చెప్పేయండి, లేచి వెళ్ళిపోతాం. అవతల పిల్ల బర్త్‌డే ఉంది, మాట వస్తుంది."

తలుపు దగ్గర కళావతి నిలబడి ఉంది. లలితక్క ప్రార్థన అని పెరుగన్నం గిన్నె తెచ్చింది. విషయం ఆమెకు అప్పుడే అర్థమైంది. 

"అన్న తప్పేం లేదు. చేసింది నేను" అంది.

 సెరీనా మధ్యలోకి వచ్చింది. "డాడ్, జస్ట్ టెల్ దెమ్! ఇట్ వాజ్ ఫర్ ద లీక్..."

"నువ్వూరుకో" అన్నాడు తోమాసు.

ఒక్క వాక్యం. అది నోటి దాకా వచ్చింది కూడా. అద్దం సందుకి గుగ్గిలం అని అనేస్తే నిర్దోషి. బెన్‌హర్ తల దించుకుంటాడు, సువర్ణకుమారి క్షమాపణ చెప్తుంది. ఆ తర్వాత అరవై మందీ చెప్పులు వెతుక్కుంటారు. ఫోటో ముందు తొమ్మిది మంది మిగులుతారు. వాళ్ళలో నలుగురు గడియారం చూసుకుంటారు.

తోమాసు ఫోటో వైపు చూశాడు. తాను జీవితంలో ఎవరికీ తప్పు ఒప్పుకోని మనిషి. చేసిన తప్పులే ఒప్పుకోలేదు. ఆమె దగ్గర కూడా.

"తప్పిపోయాను" అన్నాడు. "నేనే చేయించాను. ఈ అమ్మాయిదేం లేదు, నేను పిలిస్తే వచ్చింది. కూర్చోండి."

అరవై మందీ కూర్చున్నారు.

పాస్టరుగారు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశారు. వేలి చివర ఇంకా నల్లగానే ఉంది. దాన్ని రుమాలుతో తుడుచుకుని, తడిసిన పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, "లలితకుమారమ్మ గురించి ముందు చెప్పుకుందాం. ఇతని సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

చెప్పుకున్నారు. సువర్ణకుమారి తల్లి మంచంలో ఉన్న మూడు వారాలూ లలితకుమారి డ్యూటీ దిగి వచ్చి ఒళ్ళు తుడిచిందని తోమాసుకు తెలియదు. పెన్రిత్ అమ్మాయి ఒకతె కాన్పుకు భయపడి రోజూ ఫోన్ చేసేదని తెలియదు. లలితకుమారి ఆ పిల్లను ఫోనులోనే నవ్విస్తూ ఉండేదట. తనతో నవ్వినట్టు గుర్తులేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి, పరలోకంలో ఆమె చేసిన ప్రార్థనే ఈ తప్పిపోయినవాణ్ణి లాక్కొచ్చిందని ఏడ్చారు. బెన్‌హర్ వచ్చి తోమాసును కావలించుకుని భుజం తడిపాడు. తోమాసు కర్రలా నిలబడి భరించాడు. కళావతి గిన్నె వంటింట్లో పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. ఏడింటికి సెవెన్ హిల్స్ వాళ్ళు ఖాళీ హాలు చూసి విసిగి, పుట్టినరోజు పిల్లనూ కేకునూ తీసుకుని వాళ్ళూ వచ్చేశారు. లలితకుమారి పేరు ఆ రాత్రి తొమ్మిదింటి దాకా ఆ ఇంట్లో ఆగకుండా వినబడింది.

మర్నాడు సంఘ కార్యదర్శి సభ్యుల పుస్తకం తీసి, తోమాసు పేరును 'తిరిగి చేరినవారు' అన్న వరసలో రాశాడు. ఎక్కడికి వెళ్ళి తిరిగొచ్చాడో రాయడానికి అందులో గడి లేదు.